గేటుకి తాళం ఎవరి కోసం?

దసరా సెలవుల ముందు ఏటా ఇంటర్ బోర్డు నుంచి ఒక ప్రకటన వస్తుంది. సెలవుల్లో ప్రైవేటు జూనియర్ కాలేజీలు క్లాసులు పెట్టకూడదు, పెడితే చర్య తప్పదు అని. ఏటా కొన్ని కాలేజీలు క్లాసులు పెడుతూనే ఉంటాయి. విద్యార్థి సంఘాలవాళ్లు వెళ్లి గేటు ముందు గొడవ చేస్తారు, పేపర్లో ఫోటో వస్తుంది, అంతటితో సరి. అదే కాలేజీ హాస్టల్లో పదహారేళ్ల కుర్రాడు ఔటింగ్ నుంచి అరగంట ఆలస్యంగా వస్తే మాత్రం ఆ రాత్రే ఇంటికి ఫోన్ వెళ్తుంది. వచ్చే నెల ఔట్‌పాస్ కూడా పోతుంది.

గేటు ఒకటే. లోపల ఉన్నవాళ్లకి నియమం ఒకలా, గేటు పెట్టినవాళ్లకి ఇంకోలా పనిచేస్తోంది. అందుకే యువతకి సమాజం పెట్టే రూల్స్ మరీ ఎక్కువయ్యాయా అని అడిగితే అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. కొన్ని నియమాలు ఊపిరాడనివ్వవు. కొన్ని కాగితం దాటి బయటికి రావు. ఏవి బిగుస్తున్నాయి, ఏవి వదులవుతున్నాయి అని చూస్తే ఒక వరస కనిపిస్తుంది. ఏ నియమం తప్పితే పెద్దవాళ్ల పరువుకో డబ్బుకో దెబ్బ తగులుతుందో అది గట్టిగా అమలవుతుంది. ఏది తప్పితే నష్టం పిల్లలకే మిగులుతుందో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ముందు చట్టం సంగతి. మన దేశంలో మేజరయ్యే వయసు 18 అని 1875 నాటి చట్టమే చెప్పింది. ఓటు మాత్రం చాలాకాలం 21 ఏళ్లకే ఉండేది. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి 18కి తగ్గింది. ఆ వయసులో ఓటేసి ఎమ్మెల్యేని గెలిపించవచ్చు, తానే ఎమ్మెల్యేగా నిలబడాలంటే 25 రావాలి. సర్పంచికైతే 21 చాలు. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మందు కొనాలంటే 21 నిండాలి. అమ్మాయి పెళ్లి వయసు కూడా 21 చేయాలని 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. ఆ లోక్‌సభ గడువుతో పాటే బిల్లూ మురిగిపోయింది. పదహారేళ్లకి గేర్లు లేని 50 సీసీ బండి నడపవచ్చని మోటారు వాహనాల చట్టంలో ఇప్పటికీ ఉంది. అలాంటి పెట్రోలు బండి షోరూములో దొరకడమే గగనం.

ఈ అంకెలకి ఒకదానితో ఒకటి పెద్దగా పొంతన లేదు. అయినా చట్టంలో ఒక సుగుణం ఉంది. ఆంక్ష ఏ పుట్టినరోజుతో తీరిపోతుందో అందులో రాసి ఉంటుంది. ఇంట్లో, వీధిలో, హాస్టల్లో ఉండే నియమాలకి ఆ తారీఖు ఉండదు. అబ్బాయికి "ఉద్యోగం వచ్చేదాకా". అమ్మాయికి "పెళ్లయ్యేదాకా". పెళ్లయ్యాక ఆ పెత్తనం అత్తగారింటికి బదిలీ అవుతుంది. ముప్పై ఏళ్లొచ్చి, సొంతంగా సంపాదించుకుంటున్న మనిషి "మా ఇంట్లో ఒప్పుకోరు" అంటే మనలో ఎవరికీ వింతగా అనిపించదు.

కొడుక్కి పదహారేళ్లు వచ్చాక స్నేహితుడిలా చూడాలని పెద్దలు తరచూ అప్పజెప్పే పాత శ్లోకం ఒకటుంది. (కూతురి ఊసు అందులో లేదు.) తెలుగునాట సరిగ్గా ఆ వయసుకే, పదో తరగతి ఫలితాలు రాగానే, వేలమంది పిల్లల్ని పెట్టె బేడాతో రెసిడెన్షియల్ కాలేజీ గేటు దగ్గర దింపి వస్తారు. యువత మీద నియమాల బరువు ఎంతో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. తెల్లవారుజామున లేపడం, స్టడీ అవర్, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పదీ పదిన్నర దాకా పుస్తకం. వారాంతంలో టెస్టు. అందులో వచ్చిన మార్కుల్ని బట్టి సెక్షన్. పై సెక్షన్ నుంచి కిందికి దించితే ఆ సంగతి భోజనాల హాల్లో అందరికీ తెలిసిపోతుంది. ఫోన్ ఉండకూడదు. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ ఫోన్ నుంచి, వరసలో నిలబడి, పక్కన ఇంకొకరు వింటుండగా మాట్లాడాలి. అబ్బాయిల క్యాంపస్ వేరు, అమ్మాయిల క్యాంపస్ వేరు. చాలా చోట్ల ఆటస్థలం అన్నది అడ్మిషన్ బ్రోచర్‌లోనే కనిపిస్తుంది.

వీటిలో ఒక్కో నియమానికీ కారణం అడిగితే "పిల్లల మంచికే" అంటారు. కొంత నిజమే. ఫోన్ చేతికిస్తే చదువు సాగదన్న భయం ఉత్త భయం కాదు. కానీ ఫోన్ లేకపోవడం వల్ల మేలు పిల్లలకొక్కరికే జరగడం లేదు. అన్నంలో పురుగొచ్చిన ఫోటో బయటికి పోదు. లెక్చరర్ కొట్టిన సంగతి ఆదివారం దాకా ఇంటికి చేరదు. జ్వరం వచ్చిన కుర్రాడి కబురు అమ్మకి ఎప్పుడు అందాలో వార్డెన్ నిర్ణయిస్తాడు. పిల్లల చదువుని కాపాడే నియమం, యాజమాన్యం పేరుని కాపాడే నియమం ఇక్కడ ఒకే తాళంచెవితో నడుస్తున్నాయి. బయట నుంచి చూసేవాళ్లకి రెండింటికీ తేడా తెలియదు.

ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎందుకో తక్కువ మాట్లాడతారు. ఈ కాలేజీలు అమ్మే సరుకుల్లో కాఠిన్యం ఒకటి. "మా దగ్గర చాలా స్ట్రిక్ట్ అండీ" అన్న మాట అడ్మిషన్ల సీజన్లో పీఆర్వో నోట మొదట వస్తుంది. వినే తండ్రి ఫిజిక్స్ లెక్చరర్ ఎలా చెబుతాడో తేల్చుకోలేడు. ఆయన చదువు ఐదో తరగతితోనో పదో తరగతితోనో ఆగిపోయి ఉండవచ్చు. గేటు ఎంత ఎత్తుందో, పిల్లాడు ఎన్నింటికి లేస్తాడో మాత్రం చూడగానే తెలుస్తుంది. చదువు నాణ్యతని కొలిచే సాధనం చేతిలో లేనప్పుడు కాఠిన్యమే కొలబద్ద అవుతుంది. లక్షకి పైగా ఫీజు కట్టే చోట ఎదురుగా కనిపించే సరుకు అదే మరి. ఆ పోటీలో ఒక కాలేజీ స్టడీ అవర్ గంట పెంచితే పక్క కాలేజీ తగ్గించలేదు.

ఇదంతా తల్లిదండ్రుల అత్యాశే అనేయడం అన్యాయం. ఎకరం అమ్మి ఫీజు కట్టిన ఇంట్లో ఆ రెండేళ్లకి రెండో అవకాశం లేదు. డబ్బున్న ఇంటి పిల్లాడికి ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ ఉంది, మేనేజ్‌మెంట్ కోటా ఉంది, అదీ కాకపోతే విదేశంలో ఏదో ఒక యూనివర్సిటీ ఉంది. తప్పు చేసినా కోలుకునే వీలున్నవాళ్లకి నియమాలు సడలుతాయి, వీలు లేనివాళ్లకి బిగుస్తాయి. యువత అంతా ఒకే బరువు మోస్తున్నట్టు మాట్లాడేవాళ్లు ఈ తేడాని మరిచిపోతారు.

కట్టుదిట్టంగా ఉండటమే తప్పైతే గురుకులాలు కూడా తప్పే కావాలి. 1971లో పి.వి.నరసింహారావు చొరవతో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులంలోనూ, తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లిలో వచ్చినవాటిలోనూ గంట కొడితే లేవడం, గంట కొడితే పడుకోవడమే. అక్కడ చదివినవాళ్లలో ఆ క్రమశిక్షణని ఇప్పటికీ ప్రేమగా తలుచుకునేవాళ్లు చాలామంది. గంటలో లోపం లేదు. ఆ గంట ఆటలకీ మోగేది, లైబ్రరీకీ మోగేది. కిందటి వారం మార్కులు తగ్గాయని ఎవరినీ ఫలానా గదిలోంచి ఫలానా గదికి పంపేది కాదు. అక్కడా కష్టాలున్నాయి, దెబ్బలున్నాయి. వాటికి మెరుగు పెట్టి చెప్పనక్కర్లేదు. కాకపోతే పిల్లాడి ర్యాంకుని హోర్డింగుకి ఎక్కించి వచ్చే ఏడాది అడ్మిషన్లు తెచ్చుకోవాల్సిన అవసరం గురుకులానికి లేదు.

ఇక రెండో వైపు, అంటే సంస్థల మీద ఉండే నియమాలు. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదు, రోజుకి ఐదు గంటలు మించి క్లాసులు పెట్టకూడదు, వారానికో రోజు సెలవు ఇవ్వాలి, ఆ సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదు. చివరిది రాసినవాళ్లెవరో పిల్లల్ని దగ్గర నుంచి చూసినవాళ్లే అయి ఉండాలి. 2023లో విశాఖపట్నంలో నీట్‌కి సిద్ధమవుతున్న పదిహేడేళ్ల బెంగాల్ అమ్మాయి హాస్టల్లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ పదిహేను మార్గదర్శకాలు చెప్పింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులుగా విడదీయకూడదు. అందరి ముందూ అవమానించకూడదు. చట్టం వచ్చేదాకా ఇవే చట్టంలా పనిచేస్తాయని కూడా కోర్టు చెప్పింది.

సెక్షన్ల పద్ధతి మీదే నడిచే వ్యాపారానికి ఇది మామూలు దెబ్బ కాదు, అమలైతే. కోచింగ్ సెంటర్ల నిబంధన అంటే బయట బోర్డు మీద జూనియర్ కాలేజీ అని ఉందని, జూనియర్ కాలేజీ నిబంధన అంటే లోపల జరిగేది కోచింగని తప్పుకునే దారులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఔటింగ్ నుంచి అరగంట ఆలస్యంగా వచ్చిన కుర్రాడికి అలాంటి దారి ఒక్కటీ లేదు.

అమ్మాయిల హాస్టళ్ల దగ్గరికి వస్తే తాళం సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. హైదరాబాద్ మాదాపూర్, గచ్చిబౌలి వైపు వర్కింగ్ ఉమెన్స్ హాస్టళ్లలో రాత్రి పదింటికి గేటు వేస్తారు. కంపెనీ లెటర్ తెస్తే అదే గేటు రాత్రి రెండు గంటలకి కూడా తీస్తారు. నైట్ షిఫ్ట్ క్యాబ్ దిగిన అమ్మాయికి లేని ప్రమాదం సెకండ్ షో చూసొచ్చిన అమ్మాయికి ఎక్కడి నుంచి వచ్చింది? రాత్రి బయట ఉండటం సమస్య కాదన్నమాట. ఎవరి పని మీద బయట ఉందన్నదే లెక్క.

భద్రత గురించి తల్లిదండ్రుల భయం కల్పించుకున్నది కాదు, పేపరు తిరగేస్తే చాలు. అయితే పది దాటి పది నిమిషాలకి బస్సు దిగిన అమ్మాయిని గేటు బయట నిలబెట్టి వార్డెన్‌కి ఫోన్లు చేయించే నియమం ఆమెని ఏ ప్రమాదం నుంచి కాపాడుతున్నట్టు? నడిరోడ్డు మీద ఉంచేసింది ఆ నియమమే కదా. ఆ గేటు నిజంగా కాపాడేది హాస్టల్ నడిపేవాళ్లని. "టైముకి తాళం వేశాం, తర్వాత జరిగింది మా పూచీ కాదు" అనడానికి అది పనికొస్తుంది.

ఈ విషయంలో గట్టిగా ప్రశ్నించినవాళ్లు విద్యార్థినులే. 2015లో ఢిల్లీలో హాస్టల్ వేళల మీద "పింజ్రా తోడ్" అనే ఉద్యమం నడిచింది, పంజరం విరగ్గొట్టమని. కేరళలో ఒక డిగ్రీ విద్యార్థిని ఉండే హాస్టల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఫోన్ వాడకూడదన్న నియమం ఉండేది. ఆ నియమాన్ని తర్వాత సాయంత్రం చదువుకునే వేళలకి మార్చారు, ఆమె ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి పంపేశారు. ఫహీమా షిరిన్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో 2019లో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ వాడుకునే హక్కు విద్యాహక్కులో, వ్యక్తిగత గోప్యతలో భాగమని తీర్పిచ్చింది. అమ్మాయి పద్దెనిమిది దాటిన మనిషి, ఫోన్‌లో పాఠం చూస్తుందో సినిమా చూస్తుందో తేల్చాల్సింది వార్డెన్ కాదు. ఇంటర్ చదివే పదహారేళ్ల పిల్లలకి ఇదే తర్కం ఉన్నదున్నట్టు వర్తిస్తుందని చెప్పలేం. ఇద్దరికీ ఒకే నియమం పెట్టే హాస్టళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయన్నది మాత్రం నిజం.

పెళ్లి దగ్గర ఈ వరస పూర్తిగా బయటపడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 లెక్కల ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. బాల్యవివాహ నిషేధానికి 1929 నుంచీ చట్టం ఉంది, 2006లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని ఇంత పెద్ద ఎత్తున ఉల్లంఘిస్తున్నది యువత కాదు. ముహూర్తం పెట్టించి, మండపం కట్టించి, ఊరందరినీ పిలిచి పెద్దలే ఉల్లంఘిస్తున్నారు. "కాలం బాగాలేదు, త్వరగా ఒక అయ్య చేతిలో పెడితే నిశ్చింత" అన్న మాటలో నిశ్చింత ఎవరిదో చెప్పనక్కర్లేదు.

అదే అమ్మాయి పద్దెనిమిది నిండాక తనంతట తాను ఒకరిని ఎంచుకుంటే పరిస్థితి తలకిందులవుతుంది. ముందు మిస్సింగ్ కేసు, ఆపైన కిడ్నాప్ కేసు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 ప్రకారం పెళ్లి చేసుకోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. పేర్లూ, చిరునామాలూ గోడ మీద ఉంటే ఇంట్లోవాళ్లకి కబురు వెళ్లడం ఎంతసేపు? మేజర్లు తమకి నచ్చినవాళ్లని పెళ్లి చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో చెప్పింది, 2018లో హాదియా కేసులోనూ, పరువు హత్యల మీద శక్తి వాహిని కేసులోనూ మళ్లీ చెప్పింది. శక్తి వాహిని తీర్పు వచ్చిన ఆరు నెలలకే, 2018 సెప్టెంబరులో, మిర్యాలగూడలో కులం తక్కువవాడని ఒక యువకుణ్ని ఆసుపత్రి గేటు దగ్గర, గర్భిణి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఊళ్లో పెళ్లి నియమాలకి అసలు కాపలా వయసుకి లేదు, కులానికి ఉంది. పదిహేనేళ్ల మేనకోడలి పెళ్లికి తలూపే బంధుబలగమే ఇరవై నాలుగేళ్ల పిల్ల కులాంతర వివాహానికి "ఇంకా చిన్నపిల్ల, దానికేం తెలుసు" అంటుంది.

పద్దెనిమిదికి రెండేళ్లు ఇవతల ఉన్నవాళ్ల సంగతి నిజంగానే చిక్కు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం లైంగిక సంబంధానికి అంగీకార వయసుని 16 నుంచి 18కి పెంచింది. చిన్నపిల్లల మీద జరిగే ఘోరాలకి ఆ చట్టం ఎంతో అవసరం. అయితే పదిహేడేళ్ల అమ్మాయి, పంతొమ్మిదేళ్ల అబ్బాయి ఇష్టపడి కలిసి వెళ్లిపోయినా కేసు అదే, సెక్షన్లు అవే. ఇంటి నుంచి వెళ్లిన పిల్లని వెనక్కి తెచ్చుకోవడానికి తల్లిదండ్రుల చేతిలో అది పనిముట్టు అవుతోంది. లా కమిషన్ 2023లో ఇచ్చిన 283వ నివేదికలో వయసు తగ్గించవద్దనే చెప్పింది. 16-18 మధ్యవాళ్లు ఇష్టపడే కలిసిన కేసుల్లో శిక్ష విషయంలో జడ్జీకి కొంత వెసులుబాటు ఇవ్వమంది. తేలిగ్గా తేలే విషయం కాదిది. వయసు తగ్గిస్తే దాని చాటున తప్పించుకునే పెద్దవాళ్లుంటారు, తగ్గించకపోతే కుర్రాళ్లు జైలుకి పోతారు.

బండి విషయంలో మాత్రం చిక్కేమీ లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని రాశారు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంతకన్నా కఠినమైన నియమం ఇంకోటి ఉంటుందా? సాయంత్రం ఏ ట్యూషన్ సెంటర్ ముందైనా నిలబడి చూడండి, తొమ్మిదో తరగతి పిల్లలు యాక్టివాల మీద ముగ్గురేసి వస్తుంటారు. తాళాలిచ్చింది నాన్నే. దింపడానికి, తీసుకురావడానికి ఆయనకి తీరిక లేదు. 2024 మేలో పుణేలో పదిహేడేళ్ల కుర్రాడు నడిపిన ఖరీదైన కారు గుద్ది ఇద్దరు చనిపోతే మొదట బెయిలుకి పెట్టిన షరతుల్లో 300 పదాల వ్యాసం రాయడం ఒకటి. వ్యాసం మాట విని దేశమంతా మండిపడింది. ఆ కారు తాళాలు ఆ ఇంట్లో అతని చేతికి ఎలా వచ్చాయన్నది వెనక్కి పోయింది.

ఇప్పుడు కొత్తగా సోషల్ మీడియా వంతు. 2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో పదహారేళ్ల లోపువాళ్లకి ఖాతాలు ఉండకూడదు. అక్కడి చట్టం జరిమానా వేసేది కంపెనీలకి, పిల్లలకి కాదు. మన దగ్గర ఆ వార్త మీద జరిగిన చర్చలు చూస్తే "పిల్లల దగ్గర ఫోన్లు లాక్కోవాలి" అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది.

ఇక ఈ నియమాల్ని మార్చుకోవాలంటే పిల్లలు ఎవరితో మాట్లాడాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. గొడవలు, హత్యలు జరిగాయన్నది వాస్తవమే. 2006లో లింగ్డో కమిటీ ఎన్నికల్ని ఎలా జరపాలో సిఫార్సులిచ్చింది, సుప్రీంకోర్టు ఒప్పుకుంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో, కాలేజీల్లో మాత్రం పాత తాళం అలాగే ఉంది. అసెంబ్లీకి ఓటేసే పిల్లలు తమ హాస్టల్ మెస్ కమిటీకి ఎవరినీ ఎన్నుకోలేరు.

2022 చివర్లో కేరళలోని కోజికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నరకి తాళం వేసే నియమం మీద నిరసనకి దిగి, హైకోర్టుకి కూడా వెళ్లారు. రాత్రంటే ఆడపిల్లలకే ఎందుకు భయం పెడుతున్నారు, తాళం వాళ్లకే ఎందుకు అని అక్కడి జడ్జి అడిగారు. డిసెంబరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తొమ్మిదిన్నర నియమం తీసేయలేదు, అబ్బాయిల హాస్టల్‌కీ పెట్టారు. మొదటి సంవత్సరం దాటినవాళ్లు ఆలస్యమైతే ఐడీ కార్డు చూపించి, గేటు దగ్గరున్న రిజిస్టర్‌లో వివరాలు రాసి లోపలికి వెళ్లవచ్చు.